పద్యం వినాలంటే: ప్లేటా, పందిరా?

పౌరాణిక నాటక పద్యాన్ని చెవికి పట్టించుకోవాలంటే పాత గ్రామఫోన్ ప్లేట్లు వినడం మేలా, ఊళ్లో నాటకం పడ్డప్పుడు వెళ్లి పందిట్లో కూర్చోవడం మేలా?

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటుకి ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలే. పద్యం ఎత్తుకోవాలి, రాగం తీయాలి, ముగించాలి. అందుకే అందులో రాగం పొట్టిది, మాట ముందుకొస్తుంది. 1925కి ముందు రికార్డింగులో మైకు లేదు, బాకాలోకి గట్టిగా పాడాల్సిందే. మైకు లేకుండా వెనక వరసదాకా గొంతు పంపిన రంగస్థల నటులకు అదేమంత కష్టమై ఉండదనిపిస్తుంది నాకు.

ప్లేటుతో అసలు లాభం, విన్నదే మళ్లీ వినొచ్చు. ఉత్పలమాలలో పదో అక్షరం యతి స్థానం. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి, అంటే పాదం మొదటి అక్షరంతో ఆ చోటి అక్షరం పొత్తు కుదరడం; అక్కడ మాట తెగనక్కర్లేదు. పాడేవాడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు, యతి దగ్గరా, అర్థం పూర్తయిన చోటా? నాలుగుసార్లు వింటేగాని ఇది తెలియదు. పందిట్లో ఆ వీలు లేదు.

ఒక్క జాగ్రత్త. ప్లేటు నిమిషానికి 78 చుట్లకు బదులు 82, 83 తిరిగిందంటే శ్రుతి హార్మోనియం మీద దాదాపు ఒక మెట్టు పైకెళుతుంది. గొంతు సన్నబడుతుంది. ఆ నటుడి గొంతే అంత అనుకుంటాం.

ఇక పందిరి. ఇక్కడ పద్యం ఎంతసేపు ఉండాలో జనం చేతిలో ఉంటుంది. చివరి అచ్చు మీద రాగం అందుకోగానే హార్మోనియం వెంటపడుతుంది, ఈలలు మొదలవుతాయి, అటునుంచి ‘వన్స్ మోర్’ అని కేక. కృష్ణుడు రాయబారం ఆపేసి పద్యం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటాడు. రెండోసారి మొదటిసారిలా ఉండదు, అడిగినవాళ్ల కోసం ఇంకో సంగతి, అంటే అదే వరసకు ఇంకో కొత్త మలుపు, పడుతుంది. రాగం సాగి సాగి అర్థం కొట్టుకుపోతుందన్న ఫిర్యాదు నిజమే, నాకూ విసుగొచ్చిన రాత్రులున్నాయి. అయినా వినేవాడు పద్యంలో భాగమయ్యేది అక్కడే. ప్లేటు ముందు మనం ఎంత మురిసినా అది మూడో నిమిషానికి ఆగిపోతుంది.

నా ఓటు పందిరికే. ఎకో పెట్టిన మైకుసెట్టుంటే మాత్రం స్పీకర్లకు దూరంగా, హార్మోనియం వైపు ముందు వరసలో చోటు చూసుకోండి. ఈలతోనే పద్యం పలికించిన అలనాటి నటుడు ఈలపాట రఘురామయ్య లాంటివారి కోసమైతే మళ్లీ రికార్డింగులే దిక్కు.