జర్మనీలో 18 నెలలు బుఫ్‌దీగా: వెళ్లొచ్చాక నా సమీక్ష

బుఫ్‌దీ అంటే జర్మనీ ప్రభుత్వ స్వచ్ఛంద సేవా పథకంలో పనిచేసేవాళ్లకి అక్కడి జనం పెట్టుకున్న ముద్దుపేరు. పథకం అసలు పేరు బుండెస్‌ఫ్రైవిల్లిగెన్‌డీన్స్ట్. నాకు నోరు తిరగడానికే రెండు వారాలు పట్టింది. 2011లో ఆ దేశంలో నిర్బంధ సైనిక సేవ ఆపేశారు. అంతవరకు తుపాకి పట్టుకోం అన్న కుర్రాళ్లు దానికి బదులు ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లు. వాళ్లు రాకపోయేసరికి ఏర్పడిన ఖాళీలో మొదలైందే ఇది. నేను 2023 సెప్టెంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా చేశాను. మొదటి ఏడాది స్టుట్‌గార్ట్ దగ్గర ఒక వృద్ధాశ్రమం, చివరి ఆరు నెలలు అదే సంస్థ నడిపే పిల్లల హోం.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, అందరూ అడిగేది అదే కాబట్టి. మా ఊళ్లో ఒక ఏజెంటుకి 1,80,000 కట్టాను. అమ్మ గాజుల మీద తెచ్చిన డబ్బది. అక్కడికెళ్లాక తెలిసింది, ఆశ్రమాలకి మనమే నేరుగా ఈమెయిల్ పెట్టుకోవచ్చని, ఒప్పందం వాళ్ల ఫెడరల్ ఆఫీసుతో జరుగుతుందని, అందులో మన దగ్గర తీసుకునే ఫీజంటూ ఏదీ లేదని. ఏజెంటు చేసిందల్లా నా సీవీలో ఫోటో మార్చి పద్నాలుగు చోట్లకి పంపడం. "సేవ చేస్తూ సంపాదించుకోవచ్చమ్మా" అన్నాడు కూడా. ఇచ్చేది జీతం కాదు, పాకెట్ మనీ. 2024 రెండో సగంలో దానికి గరిష్ఠ పరిమితి నెలకి 604 యూరోలు, అయితే అంత ఇచ్చే చోట్లు తక్కువ. నాకు 420 ఇచ్చారు. గది, భోజనం, హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లవే. బస్సులకీ లోకల్ రైళ్లకీ కలిపి నెల టికెట్ అప్పట్లో 49, నేను వచ్చేముందు 58 అయింది. ఫోను, శ్రీలంక వాళ్ల కొట్లో కందిపప్పు, చింతపండు పోను మిగిలేది చేతిఖర్చే. గాజులు విడిపించింది నాన్న.

భాష విషయంలో ఎవరి మాటా వినకండి, బీ1, అంటే జర్మన్ భాషలో మధ్యస్థాయి పరీక్ష, లేకుండా వెళ్లకండి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే సెంత్రుమ్‌లో నేర్చుకుని, పరీక్ష పాసై, ధైర్యంగానే దిగాను. మొదటిరోజు ఒక పెద్దాయన నాతో ఐదు నిమిషాలు మాట్లాడితే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ ప్రాంతంలో ష్వేబిష్ యాస. పుస్తకంలో ఉన్న జర్మన్‌కీ దానికీ ఉన్న దూరం, పేపర్ తెలుగుకీ మా తాతయ్య తెలుగుకీ ఉన్నంత. మూడు నెలలు తల ఊపుతూ బతికాను. తల ఊపి ఒకావిడ కాఫీలో పంచదార వేసి తిట్లు తిన్నాను. ఆవిడకి షుగర్.

అంతకన్నా పెద్ద తప్పు మొదటి వారంలోనే చేశాను. మనకి అరవై దాటినావిడ కనిపిస్తే మామ్మగారూ అనడం అలవాటు కదా, అదే ప్రేమతో ఒకావిడని 'ఓమా' అన్నాను. ఆవిడ చెంచా కింద పెట్టి, "నేను నీకు అమ్మమ్మని కాను, నాకు పేరుంది" అంది. అక్కడ ఇంటిపేరుతో, ముందు 'ఫ్రావ్' (మన శ్రీమతి లాంటిది) చేర్చి, మీరు అనే పిలవాలి. మతిమరుపు ముదిరి, తన గది ఏదో తెలియని మనిషికైనా సరే. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు మన ఆస్పత్రుల్లో ముసలివాళ్లని "ఏమ్మా, ఇటు తిరుగు" అంటుంటే చెవికి గుచ్చుకుంటోంది.

పని ఉదయం ఆరున్నరకి మొదలయ్యేది. ముందు రాత్రి డ్యూటీ వాళ్లు ఎవరు నిద్రపోలేదో, ఎవరు పడ్డారో చెప్పి వెళ్తారు. తర్వాత టిఫిను. మింగడం కష్టమైనవాళ్లకి కాఫీలో చిక్కబరిచే పొడి కలిపి, గంజిలా చేసి, ఒక్కో చెంచా పట్టాలి. పూర్తిగా మింగారా లేదా అని గొంతు చూస్తుండాలి. తొందరపడితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్కొక్కరికి నలభై నిమిషాలు. మధ్యాహ్నం మూడింటికి కాఫీ, కేకు. చావో రేవో అన్నట్టు ఆ టైముకి పడాల్సిందే. మందులు, ఇంజెక్షన్లు మనం ముట్టుకోకూడదు. ఒంటికి సబ్బు రాయడం, డైపర్లు మార్చడం మాత్రం చేయాలి. ఏజెంట్లు చూపించే ఫోటోల్లో ఈ భాగం ఉండదు.

ఒకావిడ రోజూ బ్రెడ్ ముక్కలు పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి దిండు కింద దాచేది. బూజు పడుతోందని నేను తీసి పారేశాను. ఆ రాత్రంతా ఆవిడ పక్కంతా వెతుక్కుంటూ ఏడ్చిందట. 1945లో, యుద్ధం చివర్లో, అప్పటి జర్మనీ తూర్పు కొసన ఉన్న తూర్పు ప్రష్యా నుంచి తల్లి చెయ్యి పట్టుకుని మంచులో నడిచి వచ్చిన పిల్ల ఆవిడ. అప్పుడు ఏడేళ్లు. మిగతా అన్నీ మర్చిపోయింది, ఆకలి మర్చిపోలేదు. మా సీనియర్ నర్సు చెప్పిన ఉపాయం: పాతది తీసినప్పుడల్లా అదే మడతతో కొత్త ముక్క పెట్టు. ఏడాదంతా అదే చేశాను. డ్యూటీ అయ్యేముందు రెండు ముక్కలు, నాలుగు మడతలు.

ఇక నచ్చనిది. బుఫ్‌దీలని ఉద్యోగుల బదులు వాడుకోకూడదని నియమం. కానీ ఇద్దరు సిక్ లీవు పెట్టిన ఆదివారం పొద్దున ఆ నియమం ఎవరికి గుర్తుంటుంది? వరసగా పన్నెండు రోజులు సెలవు లేకుండా చేశాను. నోరు విప్పలేదు, వీసా టెన్షన్. ఏడాదికి 25 రోజులు సెమినార్లు తప్పనిసరి, అక్కడ మడగాస్కర్, ఇండోనేషియా పిల్లలతో మాట్లాడితే అందరిదీ ఇదే గోల. సెమినార్ నడిపే ఆవిడకి చెప్పాను, ఆవిడ ఆశ్రమానికి ఫోన్ చేసింది, మరుసటి నెల రోస్టర్ మారింది. అంత సులువని తెలిస్తే నవంబరులోనే చెప్పేదాన్ని.

పిల్లల హోం వేరే లోకం. ఇంట్లో ఉంచడం క్షేమం కాదని పిల్లల సంక్షేమ శాఖ తీసుకొచ్చిన ఎనిమిదిమంది, ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు. చేరేముందు పోలీసు సర్టిఫికెట్, అదీ పిల్లలతో పనిచేసేవాళ్లకి ఇచ్చే ప్రత్యేక రకం. ఫోటోలు తీయకూడదు, తలుపు మూసి ఒక్క పిల్లాడితో కూర్చోకూడదు, సొంతంగా బహుమతులు కొనకూడదు. మొదట్లో అనుమానపు మనుషుల్లా ఉన్నారే అనుకున్నాను. కంబోడియాలో రెండు వారాలు 'అనాథాశ్రమ సేవ' చేసొచ్చిన ఒకమ్మాయి సెమినార్‌లో ఫోన్ తీసి పిల్లలని ఎత్తుకున్న ఫోటోలు చూపించాక, ఆ రూల్స్ ఎందుకో అర్థమైంది. అక్కడి ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో ఉన్నారని యూనిసెఫ్ ఏనాడో చెప్పింది. విదేశీయులు డబ్బు కట్టి వస్తున్నారంటే, వాళ్లకి చూపించడానికి పిల్లలు కావాలి కదా.

మా పని హోంవర్క్, ఫుట్‌బాల్, డిష్‌వాషర్. తొమ్మిదేళ్ల వాడొకడు నా జర్మన్ సరిదిద్దే బాధ్యత తీసుకున్నాడు. ఆ భాషలో ఫోర్క్ ఆడది, చెంచా మగది, కత్తి రెండూ కాదు. డిష్‌వాషర్ ఖాళీ చేసేటప్పుడు ఒక్కొక్కటి పైకెత్తి నాచేత చెప్పించేవాడు. తప్పు చెబితే ఆ సామాను మళ్లీ లోపల పెట్టేవాడు. వాడికి నవ్వొచ్చేది ఆ పావుగంటే అని పెద్దలు అనేవాళ్లు.

వెళ్లాలా వద్దా అంటే, వృద్ధాశ్రమానికి వెళ్లండి, ఏజెంటు లేకుండా, ఏడాదికి తక్కువ కాకుండా. నర్సింగ్ లైనులో జర్మనీలో స్థిరపడటమే మీ ఉద్దేశమైతే ఇది చుట్టుదారి. మూడేళ్ల నర్సింగ్ శిక్షణకి నేరుగా పెట్టుకోండి, అందులో మొదటి నెల నుంచీ స్టైపెండ్ ఇస్తారు. పిల్లల హోంకి మాత్రం నాలా ఆరు నెలలకి వెళ్లొద్దు. ఆ ఆరు నెలలూ నాకు బాగానే గడిచాయి. వాళ్లకి నేను వెళ్లిపోయినవాళ్ల లిస్టులో ఇంకో పేరు.

ఫిబ్రవరిలో చివరిరోజు కేకు కోశాం. నా జర్మన్ సరిదిద్దే ఆ తొమ్మిదేళ్లవాడు గదిలోంచి రాలేదు. సాయంత్రం గిన్నెలు సర్దుదామని డిష్‌వాషర్ తెరిస్తే, కడిగిన ఫోర్కులు, చెంచాలు, కత్తులు అప్పటికే తీసి, వేటి అరలో వాటిని వేసేసి ఉన్నాయి. ఆ గ్రూపుకి మళ్లీ బుఫ్‌దీ వచ్చేది సెప్టెంబరులో.