ఐదు దీపావళి సెలవులు, ఒక బైండు పుస్తకం, రెండు గాలాలు

మా మనవడు, మనవరాలు భివండిలో పెరుగుతున్నారు. అక్కడి బడులకు దసరా కంటే దీపావళికే ఎక్కువ సెలవులు. అందుకని 2021 నుంచి ఏటా దీపావళికి నల్లగొండ వస్తారు. ఉన్న పది రోజులూ ఒకే పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున మా అత్తగారి ఊరి కుంట మీద గాలం, మధ్యాహ్నం ఎవరో ఒక పెద్దమనిషి ఇంట్లో వంశం ముచ్చట, నడుమ ఒకటి రెండు రోజులు గుడో కోటో చూడటం. పిల్లలతో ఊరికి పోయి వంశవృక్షం రాయాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఐదేళ్ల అనుభవం రాస్తున్నాను.

మొదటి ఏడాది కాగితాలతో మొదలుపెట్టడం మా పొరపాటు. పాత పహాణీ, అంటే భూమి రికార్డు, నకలు కోసం పిల్లలను వెంటేసుకుని ఒక ఆఫీసుకు వెళ్తే రేపు రండి, రేపు రండి అని మూడు రోజులు తిప్పారు. పిల్లలకు సెలవులంటేనే విసుగొచ్చింది. ఇప్పుడైతే నెల ముందే మేమిద్దరం పోయి నకలు తెచ్చుకుంటున్నాం. అడగాల్సింది 1954-55 ఖాస్రా పహాణీ. కాగితం మీద నిజాం కాలపు రెవెన్యూ లెక్క అయిన ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలపాలి, ఫసలీ 1364 అంటే 1954 అన్నమాట. మా దాంట్లో పేర్లు ఉర్దూలో ఉన్నాయి. ఉర్దూ చదవగల ఒక పెద్దాయన పక్కన కూర్చుని చదివి పెట్టారు. పేరు తర్వాత ‘వల్ద్’ అని వస్తే ఫలానా వారి కొడుకు అని అర్థం. అంటే ఒక్క వరుసలోనే రెండు తరాలు దొరుకుతాయి. అలా మా మామగారి తాత పేరు మాకు మొదటిసారి తెలిసింది.

ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితం మూగబోయింది. ఒక చోట మా ఇంటి ఆడమనిషి ఉంది కానీ ‘జౌజె’ అని రాసి భర్త పేరు పెట్టారు. జౌజె అంటే భార్య. ఆమె పేరు లేదు. “నానమ్మా, ఈమెకు పేరు పెట్టలేదా?” అని మనవరాలు అడిగితే నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ల దాకా మేం వంశవృక్షం రాసుకునే బైండు పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది.

ఆ పేరు దొరికింది కుంట మీద. ఇంట్లో ఫోన్ రికార్డర్ ముందు పెడితే మా మరిది గొంతు సవరించుకుని నాలుగు ముక్కలు చెప్పి ఆపేసేవాడు. గాలం వేసి కూర్చున్నాక మాత్రం చూపు బెండు మీద, మాట ఎక్కడెక్కడికో. “మీ ముత్తవ్వ రాజవ్వ ఈడనే నూలు తడిపేది బిడ్డా” అన్నాడు ఒకరోజు, ఏదో మాటలో మాటగా. మనవరాలు గాలం కింద పెట్టి ఎర్రలు పట్టుకున్న చేతులతోనే పుస్తకం తీసింది. ఆ పేజీకి మట్టి మరక ఇప్పటికీ ఉంది. రికార్డర్ దండగ అనను, తర్వాత మళ్లీ విని సరిచూసుకోవడానికి కావాలి. కానీ దాన్ని జేబులోనే ఉంచండి.

గాలాల సంగతి. ఆన్‌లైన్‌లో కొన్న మడత గాలం రెండో ఏడుకే చక్రంలో మట్టి పట్టి తిరగలేదు. మా మరిది కట్టిన వెదురు కట్టె, నైలాన్ దారం, జొన్నసొప్ప బెండు ఐదేళ్లుగా పనిచేస్తున్నాయి. పడేవి ఎక్కువగా జెల్లలు, పరకలే. కొర్రమీను ఒక్కసారే పడింది, ఆ రోజు మనవడు అన్నం తినకుండా ఊరంతా తిరిగి చెప్పొచ్చాడు. జెల్ల ముల్లు గుచ్చుకుంటే చాలా నొప్పి, పిల్లలను పట్టనివ్వకండి. ఇంకో మాట. చెరువుల్లో, కుంటల్లో చేపల మీద హక్కు చాలా చోట్ల మత్స్యకారుల సంఘాలది. ముందు వాళ్లను అడిగి కూర్చోవాలి. మమ్మల్ని ఎప్పుడూ కాదనలేదు.

చూసిన చోట్లలో నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు మా పిల్లలకు బాగా పట్టింది. కందూరు చోళుల కాలం నాటి ఛాయా సోమేశ్వరం గుడిలో ఒక గర్భగుడిలో పొద్దంతా స్తంభం నీడ కదలకుండా నిలుస్తుంది. అది ఏ స్తంభానిదో కనిపెట్టాలని మనవడు ఒక్కో స్తంభం పక్కన చెయ్యి పెట్టి చూస్తూ గంట గడిపాడు. పక్కనే పచ్చల సోమేశ్వరం, దాంట్లోనే మ్యూజియం, ఆపైన ఉదయసముద్రం చెరువు. సగం రోజు చాలు. దేవరకొండ కోట బాగుంటుంది కానీ మోకాళ్ల నొప్పులున్న వాళ్లు కింద చెట్టు నీడన ఆగిపోవడం మంచిది.

నాగార్జునకొండకు మొదటిసారి శుక్రవారం పోయి దెబ్బతిన్నాం, ఆ రోజు మ్యూజియానికి సెలవు. మరుసటి ఏడు మళ్లీ లాంచీ ఎక్కాం. నాగార్జునసాగర్ డ్యామ్ కడితే లోయ మునిగిపోతుందని తవ్వి తీసినవాటిలో చాలా వరకు ఆ కొండ మీదికి చేర్చారు. అక్కడ ఇక్ష్వాకు రాజుల పేర్లు చెబుతుంటే మనవరాలు ఆగింది. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. వాసిష్ఠి కొడుకు, మాఠరి కొడుకు. రాజుకు అమ్మ పేరే ముందు. అక్కడి మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, కట్టించింది కూడా ఆ వీరపురుషదత్తుడి మేనత్త శాంతిశ్రీ, ఆమె పేరు రాతి మీద ఉంది. “పదిహేడు వందల ఏళ్ల కిందట రాశారు, మన కాగితంలో ఎందుకు రాయలేదు?” అంది. నాకు గొంతు పట్టేసింది.

ఆ రాత్రి పిల్లలిద్దరూ కూర్చుని పుస్తకం మొత్తం మార్చారు. ఇప్పుడు మా వంశవృక్షంలో ప్రతి పేరు కింద ముందు అమ్మ పేరు, ఆమె పుట్టింటి ఊరు, తర్వాతే నాన్న పేరు. అలా రాయాలంటే కోడళ్ల పుట్టిళ్లకూ పోవాల్సి వస్తుంది, పని రెట్టింపు. అయినా నేను ఇలాగే చేయమంటాను. పుట్టింటి వాళ్లను కదిపితేనే మాకు సోలాపూర్‌లో ఒక కొమ్మ బయటపడింది.

రెండు వందల పేజీల బైండు పుస్తకంలో అరవై నిండాయి. ఇంకా పదకొండు మంది అమ్మల పేర్లు ఖాళీ. అందులో మూడు మా మరిదికి తెలుసని నా అనుమానం. వచ్చే దీపావళికి అతన్ని మళ్లీ కుంట మీద కూర్చోబెట్టాలి.