తొంభై ఎనిమిది టైర్ల బండి: రెండేళ్లు తోలాక

ఆస్ట్రేలియాలో నేను తోలే ఈ బండి ఫోటో వాట్సాప్‌లో పెట్టినప్పుడల్లా చీమకుర్తి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఎంత లాగుద్ది బావా?" అని. రెండోది మా అమ్మది: "అంత బండికి క్లీనర్ లేడా?" లేడు. 60 మీటర్ల బండిలో నేనొక్కణ్నే. మనవాళ్లెవరూ ఇది కొనబోరు గానీ, ఇక్కడికొచ్చి తోలుదామని అడిగేవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుండేది కెన్‌వర్త్ సీ509. మెల్‌బోర్న్ పక్కన బేస్‌వాటర్ ఫ్యాక్టరీలో తయారైంది. 15 లీటర్ల కమిన్స్ ఇంజిన్, 600 హార్స్ పవర్, 18 గేర్లు. వెనక నాలుగు సైడ్ టిప్పర్ ట్రైలర్లు, వాటిని కలిపే చిన్న చక్రాల బండ్లు, అంటే డాలీలు, మూడు. పని వెస్టర్న్ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో. ఇనుప ఖనిజం గని నుంచి పోర్ట్ హెడ్‌లాండ్ రేవులో యూటా పాయింట్ దాకా, ఒకవైపు 130 కిలోమీటర్ల చిల్లర. అక్కడి పెద్ద కంపెనీలకు సొంత రైలు లైన్లున్నాయి. లైను వేసుకునే స్తోమత లేని చిన్న గనులకు రైలూ మేమే, గూడ్స్ గార్డులమూ మేమే. అందుకే దీన్ని రోడ్ ట్రైన్ అంటారు.

లోడుతో మొత్తం బరువు 170 టన్నులు, అటూ ఇటూగా. మన దేశంలో ట్రైలర్ లారీకి చట్టం ఒప్పుకునే గరిష్ఠం 55 టన్నులు. చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ బండలు వేసుకుని నేను తోలిన బండికి ఇంజిన్ బలం ఇందులో మూడో వంతు కూడా ఉండేది కాదు. ఎత్తెక్కాలంటే దేవుడికి దండం, గేరుకి దండం.

ఇక బావగారి ప్రశ్నకు జవాబు. లాగుతుంది, బ్రహ్మాండంగా లాగుతుంది. కాకపోతే నిదానంగా. గేర్ల వేగాన్ని తనంతట తానే కుదిర్చే సింక్రో లేని గేర్‌బాక్స్ కాబట్టి ఇంజిన్ చప్పుడు విని, సరిగ్గా ఆ క్షణానికి గేరు వెయ్యాలి. తప్పితే కరకరమని పళ్లు నూరుతుంది. మొదటి నెల నా పళ్లు కూడా నూరుకున్నాను. లోడుతో కదిలి 80 వేగం అందుకునేసరికి కిలోమీటరు దాటిపోతుంది. డీజిల్ కిలోమీటరుకి లీటరు పైనే. నాకు బాగా నచ్చింది క్యాబిన్. సీటు గాలి మీద తేలుతుంది. కమాన్ కట్టల బండ్లలో పదేళ్లు కూర్చున్న నా నడుముకి ఆ సుఖం అలవాటవడానికే వారం పట్టింది.

లాగడమే గొప్పయితే, 2006లో క్వీన్స్‌లాండ్‌లోని క్లిఫ్టన్ ఊళ్లో ఒక మ్యాక్ టైటన్ 112 ట్రైలర్లను లాగేసింది. పొడవు 1,474.3 మీటర్లు. ప్రపంచ రికార్డు. ఆపడానికి మాత్రం ఎవరూ రికార్డులు పెట్టరు. ఈ బండిని చూడాల్సింది అక్కడే. పెడల్ తొక్కితే నా కింద చక్రాలు ముందు పట్టుకుంటాయి, చివరి ట్రైలర్ దాకా ఆ కబురు చేరాలి కదా. ట్రైలర్లకు ఎలక్ట్రానిక్ బ్రేకులు వచ్చాక చాలా నయమే, అయినా 170 టన్నులు ఎవరి మాటా వెంటనే వినవు. దిగుడు కనిపించక ముందే గేరు తగ్గించి, ఇంజిన్ బ్రేకు (ఇంజినే బండి వేగాన్ని పట్టి ఉంచే ఏర్పాటు) మీద దించాలి. పెడల్ మీద దించితే కింద చేరేసరికి కాలిన వాసన వస్తుంది, అప్పటికి బ్రేకు సగమే మిగిలి ఉంటుంది. ఈ ఇంజిన్ బ్రేకు గట్టిదని నా అనుభవం. దానికి ఒక స్టార్ ఎక్కువే ఇస్తాను.

రోజులో నాకిష్టమైన పని చెప్పనా? బండి చుట్టూ నడవడం. తెల్లవారుజామున నాలుగున్నరకి టార్చి పట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని ఒక్కో టైరునీ కొట్టుకుంటూ వెళ్తాను. ముందు బండికి పద్నాలుగు, నాలుగు ట్రైలర్లకు నలభై ఎనిమిది, డాలీలకు ముప్పై ఆరు. బాగున్న టైరు ఠంగుమంటుంది. గాలి తగ్గినది డొబ్బుమంటుంది, తడిసిన దిండుని కొట్టినట్టు. జంట టైర్లలో లోపలిది తగ్గితే చూపుకి అస్సలు దొరకదు, చెవికే దొరుకుతుంది. దారిలో ఆగినప్పుడు కర్ర పక్కన పెట్టి, హబ్ (చక్రం మధ్యభాగం) దగ్గర చేతి వెనకవైపు ఆనకుండా పెట్టి చూస్తాను. అన్నీ ఒకేలా వేడిగా ఉంటే సరే. ఒక్కటి మాత్రం పెనం మీద అట్టులా కాలుతుంటే బేరింగ్ పోతోందని అర్థం. కిందటేడు మూడో డాలీలో అలాంటిదాన్ని చేత్తోనే పట్టుకున్నాను. స్క్రీన్ మీద ఏ లైటూ వెలగలేదు.

ట్రైలర్లకు మాత్రం అన్ని మార్కులు వెయ్యలేను. తయారీదారు పేరు అనవసరం. సెన్సర్ వైర్లు కిందికి వేలాడతాయి, రాళ్లు తగిలి నెలకొకటి తెగుతుంది. అసలు టెన్షన్ తుఫాన్ల నెలల్లో. ఖనిజం తడిస్తే పిండిలా అంటుకుంటుంది. రేవులో నాలుగు ట్రైలర్లనూ ఊడదియ్యకుండానే ఒక్కోదాన్ని పక్కకి వంచి దించుతాం. ఒకసారి మూడోదాని తొట్టి సగం పైకి లేచింది, తలుపు తెరుచుకుంది, సరుకు మాత్రం రాలేదు. పాతిక టన్నుల పైన బరువు పై అంచుకి అతుక్కుని ఉంది. అద్దంలో చూస్తే అవతలివైపు టైర్లు ఉబ్బెత్తుగా లేవు, నేలకి ఆనీ ఆననట్టున్నాయి. చెయ్యి లివర్ మీదే ఉంది. ఇంకొంచెం లేపితే జారుతుందేమో అనిపిస్తుంది చూడండి, బండ్లు బోర్లాపడేది ఆ ఆశతోనే. చిన్నగా కిందికి దించాను, ఎక్స్‌కవేటర్ వచ్చి గీకింది. నలభై నిమిషాలు పోయాయి. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు, వెనక లైన్లో ఉన్నవాళ్లు మాత్రం రేడియోలో చాలా అన్నారు.

రేడియో అంటే గుర్తొచ్చింది. లారీవాళ్లంతా మాట్లాడుకునే రేడియో ఛానల్, యూహెచ్ఎఫ్ 40, లేకపోతే ఈ రోడ్డు మీద సగం గుడ్డివాళ్లమే. గ్రేట్ నార్తర్న్ హైవే మీద కారవాన్ వాళ్లు (కారు వెనక ఇల్లులాంటి బండి కట్టుకుని తిరిగేవాళ్లు) నన్ను దాటాలనుకుంటే, ముందు ఖాళీగా ఉందో లేదో నేనే చెబుతాను. దాటడం వాళ్ల నిర్ణయం. చెప్పకపోతే 60 మీటర్ల పొడవుని వాళ్లు తక్కువ అంచనా వేస్తారు. ఈ ముక్కుబండికి ఎడం పక్కన ముందు మూలలో ఒక చిన్న కారు పూర్తిగా దాక్కుంటుంది. పొడుగు బానెట్ బండ్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది. అలవాటు పడాలంతే. అద్దాలు మాత్రం పెద్దవి, వంకర లేనివి. నా చూపు రోడ్డు మీద ఎంత ఉంటుందో, ఎడమద్దంలో కనిపించే నాలుగో ట్రైలర్ వెనక దీపం మీద అంత ఉంటుంది. అది ఊగడం మొదలెట్టిందంటే నేను స్టీరింగ్ ఎక్కువ తిప్పానన్నమాట.

నా బండి సర్వీసుకి వెళ్లిన వారం ఇంకో కంపెనీ బండి అద్దెకి తెచ్చి ఇచ్చారు. బయట 44 డిగ్రీలు, మధ్యాహ్నం రెండింటికి ఏసీ చచ్చింది. ఆ కంపెనీ పేరు కూడా చెప్పను. తడి తువ్వాలు మెడ చుట్టుకుని తోలాను.

తోలాలనుకునేవాళ్లకి: ఎంసీ (మల్టీ కాంబినేషన్, అంటే ఒకటికి మించి ట్రైలర్లున్న బండి) లైసెన్సు కావాలి. దానికి ముందు హెవీ రిజిడ్ (ట్రైలర్ లేని పెద్ద లారీ) లైసెన్సు గానీ హెవీ కాంబినేషన్ (ఒక ట్రైలర్ లారీ) లైసెన్సు గానీ కనీసం ఏడాది ఉండాలి. ఇక్కడ 5 గంటల పనికి కనీసం 20 నిమిషాల విరామం చట్టం. మనకి టీ కొట్టు దగ్గర ఎప్పుడు ఆగితే అప్పుడే విరామం, ఇక్కడ ప్రతి ఆగుడూ రాసిపెట్టాలి. నాకు మొదట్లో విసుగ్గా ఉండేది. ఇప్పుడు ఆ 20 నిమిషాల్లోనే హబ్‌లు చూస్తాను, అమ్మకి ఫోన్ చేస్తాను.

ఇంకొక మాట, ఎవరూ ముందు చెప్పరు. ఈ బండికి రివర్స్ గేరు ఉంది గానీ, మూడు డాలీలు కలిపాక దాంతో పని లేదు. రెండు మీటర్లు వెనక్కి వెళ్లేసరికి డాలీలు తలోదిక్కు తిరుగుతాయి. మొదటి నెలలో ఒక రాత్రి గని దారి మలుపు తప్పాను. మళ్లీ తిప్పుకోవడానికి సరిపడా వెడల్పు చోటు దొరికేసరికి నలభై కిలోమీటర్లు ముందుకే వెళ్లాను. రేడియోలో చెబితే అవతలాయన నవ్వలేదు. "నాది డెబ్బై" అన్నాడు.