మేకు కొట్టొద్దన్న ఇంట్లో నాలుగేళ్లు: అతికించే హుక్కులు, వాల్‌పేపర్ ఎలా పనిచేశాయంటే

మా ఓనర్‌ది ఒకటే కండిషన్, గోడకి మేకు దిగకూడదు. సరేనని అతికించే హుక్కులు, వెనక గమ్ముండే వాల్‌పేపర్, రెండు గోడల మధ్య బిగుసుకుని నిలబడే స్ప్రింగు కర్టెన్ రాడ్ తెచ్చుకున్నా. నాలుగేళ్లు వాడి పోయిన నెల ఖాళీ చేస్తూ అన్నీ పీకేశా, వీటి అసలు రంగు బయటపడేది పీకిన రోజే కాబట్టి ఇప్పుడు రాస్తున్నా.

హుక్కులు, అంటే కింద తోక లాగితే సాగి ఊడొచ్చే పట్టీ ఉన్నవి, నిజంగా బావున్నాయి. మొదటిది మాత్రం అర్ధరాత్రి గడియారంతో సహా ధడేల్మని పడింది, తప్పు నాదే, గోడ తుడవకుండా అంటించేశా. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, అరనిమిషం గట్టిగా నొక్కిపట్టి, గంట ఆగి బరువు తగిలిస్తే ఒక్కటీ పడలేదు. పీకేటప్పుడు తోకని గోడకి ఆనించే నిదానంగా కిందకి లాగాలి. తొందరలో ఒకదాన్ని నా వైపుకి లాగేశా, అరచేయంత పెయింట్ పెచ్చు లేచొచ్చింది, టచప్ చేయడానికి ఒక ఆదివారం పోయింది 🙂

వాల్‌పేపర్ గురించి ఎవరైనా అడిగితే ముందు గోడని అరచేత్తో రుద్ది చూడమంటా. మా బెడ్‌రూమ్‌కి ఎమల్షన్ పెయింట్, అక్కడ అంటించింది నాలుగేళ్లూ కదల్లేదు. హాల్లో డిస్టెంపర్, రుద్దితే చేతికి తెల్లగా పొడి అంటుతుంది, అలాంటి గోడ మీద మూడో వారానికే పైనుంచి చాపలాగా చుట్టుకుంటూ కిందకొచ్చేసింది, వెనక గమ్మంతా సున్నం పూసినట్టు ఉంది. కిచెన్‌లో స్టవ్ పక్కది వేడికి అంచులు ముడుచుకుంది, బాత్రూమ్ వెనక గోడ చెమ్మ లాగుతుందని తెలిసీ అంటించా, పీకి చూస్తే లోపలంతా నల్లగా బూజు. బెడ్‌రూమ్‌ది హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసుకుంటూ మూల నుంచి లాగితే శుభ్రంగా వచ్చింది, ఓపిక ఉండాలంతే.

రాడ్ పల్చటి కర్టెన్లకి ఓకే, బరువైనవి వేస్తే జారుతుంది.

చివరి రోజు ఓనర్ గారు ఫోన్ లైటేసుకుని గోడలన్నీ వెతికారు, నేను టచప్ చేసిన చోటు దాటుకుని వెళ్లిపోయి, తలుపు వెనకున్న మేకు చిల్లు దగ్గర ఆగి ఇదేంటన్నారు. చేరిన రోజు తీసిన ఫోటో తీసి చూపించా, అందులో ఆ చిల్లూ ఉంది, దాంట్లో మేకూ ఉంది.