బెర్లిన్ దిగ్బంధం చోట్లు: ఏవి చూడాలి, ఏవి వదిలేయొచ్చు

బెర్లిన్‌లో నాలుగు రోజులున్నాం. రెండు రోజులు మా ఆవిడ చెప్పిన చోట్లకి, రెండు రోజులు నా 1948 పిచ్చికి అని ముందే ఒప్పందం. ఆ ఏడు సోవియట్‌వాళ్లు దారులన్నీ మూసేస్తే, పశ్చిమ బెర్లిన్‌ని విమానాల్లో సరుకులు తెచ్చి బతికించిన కథ అది.

బస మెరింగ్‌డామ్ దగ్గర చిన్న హోటల్లో. ఆ విమానాలు దిగిన పాత విమానాశ్రయం టెంపెల్‌హోఫ్‌కి యూ6 మెట్రోలో ఒక్క స్టేషనే, అదొక్కటే దాని గొప్ప. గది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. కెటిల్ ఉంటుందని బుకింగ్‌లో రాశారు గానీ గదిలో కనబడలేదు, అడిగితే నవ్వారు. మోసుకెళ్లిన ఉప్మా పొట్లాలు అలాగే తిరిగొచ్చాయి.

అందరూ చెక్‌పాయింట్ చార్లీకి, అంటే తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య ఒకప్పటి సరిహద్దు తనిఖీ చోటుకి, వెళ్లమంటారు. వెళ్లాం, పది నిమిషాల్లో తిరిగొచ్చేశాం. రోడ్డు మధ్యనున్న కాపలా గది నకలు, చుట్టూ సెల్ఫీల తోపులాట, టోపీలమ్మే కొట్లు. అసలు గదుల్లో ఒకటి ఊరికి నైరుతిన క్లేఅల్లేలో ఉన్న అలైడ్ మ్యూజియంలో ఉంది. అక్కడ టికెట్ లేదు, జనం లేరు. సోమవారం మాత్రం మూసేస్తారు. యూ3లో ఆస్కార్-హెలీన్-హైమ్ దగ్గర దిగి కాస్త నడవాలి. పాత అమెరికన్ సైనికుల సినిమా హాలునే మ్యూజియం చేశారు. బయట ఆవరణలో బ్రిటిష్ హేస్టింగ్స్ విమానం నిలబెట్టారు.

నా సగం రోజు అక్కడే అయిపోయింది. యుద్ధం తర్వాత అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ చేతిలో ఉన్న జర్మనీ పశ్చిమ మండలాల్లో కొత్త మార్కు నోట్లు రాగానే 1948 జూన్ 24న సోవియట్‌వాళ్లు, చుట్టూ తమ మండలమే ఉన్న పశ్చిమ బెర్లిన్‌కి రోడ్లు, రైళ్లు, కాలువలు మూసేశారు. లోపల 20 లక్షల పైచిలుకు జనం. రోడ్లు వాడుకోవడం గురించి సోవియట్‌వాళ్లతో రాతకోతలేవీ లేవు. 1945లో కాగితం మీద రాసుకున్నవి మూడు గగన మార్గాలే, ఒక్కోటి 20 మైళ్ల వెడల్పు. వాటి గుండానే అమెరికన్, బ్రిటిష్ విమానాలవాళ్లు పిండి, పాలపొడి, బరువు తగ్గాలని నీళ్లు తీసేసి ఎండబెట్టిన బంగాళాదుంపలు తెచ్చారు. వీటన్నిటి కంటే ఎక్కువ తెచ్చింది బొగ్గు. మొత్తం సుమారు 23 లక్షల టన్నుల్లో మూడింట రెండు వంతులు అదే.

మంచిర్యాలలో బొగ్గు రైళ్లు చూస్తూ పెరిగినవాణ్ణి, బొగ్గుని విమానంలో తేవడమంటే నవ్వొచ్చింది. 1949 ఈస్టర్‌కి పట్టుబట్టి 24 గంటల్లో దాదాపు 1,400 విమానాలు దింపారు. వచ్చింది సుమారు 13,000 టన్నుల బొగ్గు. లెక్కేస్తే మన గూడ్సు రైళ్లు మూడో నాలుగో! అంత చేస్తే అంత. అయినా ఊరు నిలబడింది, 1949 మే 12న దిగ్బంధం ఎత్తేశారు.

మర్నాడు టెంపెల్‌హోఫ్. 2008లో విమానాశ్రయం మూసేశాక రన్‌వే జనానిదైంది. సైకిళ్లు, గాలిపటాలు, గడ్డిలో పడుకున్న కుర్రాళ్లు. హాల్వోర్సెన్ అనే పైలట్ చేతిరుమాళ్లకి చాక్లెట్లు కట్టి పిల్లల కోసం జారవిడిచింది ఈ రన్‌వే కొసనే. నీళ్లు, టోపీ తప్పనిసరి, అంత మైదానంలో నీడనే మాట లేదు. భవనం లోపల చూడాలంటే గైడ్‌తోనే వెళ్లాలి. ఇంగ్లిష్ టూరు ముందే నిండిపోయి మాకు దక్కలేదు, మీరు ఊరు బయల్దేరకముందే బుక్ చేసుకోండి.

మెట్రో స్టేషను బయటే స్మారకం. మూడు గగన మార్గాలకి గుర్తుగా మూడు కాంక్రీటు పళ్లు పడమటికి వంగి ఉంటాయి, అడుగున ఆ విమానాల్లో పోయినవాళ్ల పేర్లు. బెర్లిన్‌వాళ్లు దీన్ని ముద్దుగా ‘ఆకలి దంతె’ అంటారట. మా ఆవిడ మాత్రం చూడగానే, “అచ్చం మా తాతయ్య గొర్రులా ఉందండీ” అంది. ఫొటో వాళ్ల నాన్నకి పంపింది. “విత్తనాలెక్కడ పోస్తారు?” అని జవాబొచ్చింది.