ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్స్ డిక్షనరీ: థీసిస్ రాసేవాళ్లు కొనాల్సిందే

అనంతపురంలో ఎస్కేయూ, జేఎన్టీయూల్లో థీసిస్ రాసేవాళ్ల బల్ల మీద ఉండాల్సిన పుస్తకమిది. 2009లో వచ్చిన రెండో ఎడిషనే తీసుకోండి. ఇంగ్లీషులో ఏ మాట పక్కన ఏ మాట సహజంగా వస్తుందో చూపే పదజంటలు (కొలొకేషన్లు) ఇందులో దాదాపు 2,50,000 ఉన్నాయి.

వెతకడం సాధారణంగా నామవాచకంతో మొదలుపెట్టాలి. 'రీసెర్చ్' దగ్గర చూస్తే ముందు విశేషణాలు, తర్వాత క్రియలు, ఆపైన ప్రిపోజిషన్లు వరుసగా ఉంటాయి. 'డూ', 'కండక్ట్', 'క్యారీ అవుట్' అన్నీ దొరుకుతాయి, మనవాళ్లు తరచూ రాసే 'మేక్' మాత్రం దొరకదు. థీసిస్‌లో 'కండక్ట్' రాయండి, 'డూ' మాటల్లోకి బాగుంటుంది.

మన తప్పులు చాలావరకు తెలుగులోంచే వస్తాయి. 'దాని గురించి చర్చించాం' అనే అలవాటు కొద్దీ 'డిస్కస్డ్ అబౌట్' అని రాసేస్తాం. 'డిస్కస్' క్రియ తర్వాత 'అబౌట్' రాదు. 'డిస్కషన్' అన్నప్పుడే వస్తుంది. పరీక్ష 'రాస్తాం' కాబట్టి 'రైట్' పెడతాం, అక్కడ 'టేక్' గానీ 'సిట్' గానీ ఉండాలి. వానకు 'హెవీ', గాలికి 'స్ట్రాంగ్'. అటుదిటు చేస్తే అర్థమవుతుంది గానీ చెవికి ఇంపుగా ఉండదు.

తెలుగు అర్థాలుండవు, అందుకే ఇంటర్ పిల్లలకు ఇది బరువే. పాత పుస్తకం దొరికితే దానితోపాటు వచ్చిన సీడీ లేకపోయినా నిశ్చింతగా కొనుక్కోండి. పేజీలన్నీ ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.