మిల్లు లెక్కల కోసం రాయించుకున్న ఎక్సెల్ యాడ్-ఇన్: ఏడాది వాడిన తరువాత

మిర్యాలగూడలోని మా రైస్ మిల్లులో ధాన్యం కొనుగోలు లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే రాస్తాము కనుక, నల్లగొండలో ఉండే ఒక ప్రోగ్రామర్ చేత యాడ్-ఇన్ (ఎక్సెల్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రామ్) రాయించుకున్నాము. షీటులోని ప్రతి వడ్ల రకానికీ ఒక బటన్ ఉండాలని, కొత్త రకం రాయగానే దాని బటన్ దానంతట అదే రావాలని కోరాము.

మొదట ఇచ్చినది పాత కమాండ్‌బార్ పద్ధతిలో, అంటే ఎక్సెల్ పాత వెర్షన్లలోని టూల్‌బార్ల పద్ధతిలో ఉంది. బటన్‌ను తాత్కాలికమైనదిగా (ఎక్సెల్ మూయగానే పోయేదిగా) చేర్చకపోవడం వల్ల, ఫైలు తెరిచిన ప్రతిసారీ బీపీటీ 5204 బటన్ మరొకటి వచ్చి చేరేది. కాటా దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా, ఒకే పేరున్న నాలుగు బటన్లలో ఏది నొక్కాలో తెలియక మా గుమాస్తా పడిన అవస్థ నేను కళ్లారా చూశాను.

రెండోసారి ఇచ్చినది నిజంగా మెచ్చదగినది. 2007లో వచ్చిన రిబ్బన్‌లో (ఎక్సెల్ పైభాగాన ఉండే బటన్ల పట్టీలో), ఎక్సెల్ నడుస్తుండగా కొత్త బటన్‌ను నేరుగా చేర్చే వీలు లేదు కాబట్టి, ఆయన డైనమిక్‌మెనూను (నడుస్తుండగానే తయారయ్యే మెనూను) వాడి, అందులోని బటన్ల ఎక్స్‌ఎంఎల్ (బటన్లను వర్ణించే కోడ్) గెట్‌కంటెంట్ అనే ఫంక్షన్ ద్వారా షీటు నుంచే అప్పటికప్పుడు తయారయ్యేలా రాశారు. యాసంగిలో ఆర్‌ఎన్‌ఆర్ 15048 అని ఒక వరుస చేర్చగానే మెనూను మళ్లీ తయారు చేయమని రిబ్బన్‌కు చెప్పే ఇన్‌వాలిడేట్‌కంట్రోల్ నడిచింది. మెనూ మళ్లీ తెరిచేసరికి ఆ బటన్ సిద్ధంగా ఉంది.

ఒక్క లోపం మిగిలింది. మాక్రో (యాడ్-ఇన్‌లోని కోడ్) ఎక్కడైనా తప్పు వచ్చి ఆగిపోయి రీసెట్ అయితే రిబ్బన్‌ను గుర్తుంచుకున్న వేరియబుల్ ఖాళీ అవుతుంది, దానితో మెనూ తాజా కాదు, అప్పుడు ఫైలును మూసి మళ్లీ తెరవవలసిందే. రకాలు తరచూ మారే మిల్లులకు ఈ పద్ధతినే సూచిస్తాను. ఐదారు బటన్లు చాలే చోట వాటిని ముందే రాసి, బటన్ కనిపించాలో వద్దో చెప్పే గెట్‌విజిబుల్‌తో అవసరాన్ని బట్టి చూపించుకుంటే సరిపోతుంది.